చెప్పులు, ఒక జత

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే ఒక భవనంలో, ఆరో అంతస్తులో, ఫోన్లు తీసుకెళ్లనివ్వని గది ఒకటి ఉంది. ఫోను తలుపు దగ్గరి లాకర్‌లో పెట్టి, కార్డు చూపించి లోపలికి వెళ్లాలి. లోపల పద్నాలుగు బల్లలు. మూడో బల్ల కిరణ్మయిది.

ఆ గదిలో పని ఇది. ఐరోపాలోని ఒక దేశం పద్నాలుగేళ్ల కిందట తన సైనికులను వేరే ఖండానికి, కొండల మధ్య ఉన్న ఒక దేశానికి, యుద్ధానికి పంపింది. వాళ్లలో ఎక్కువమంది అంతకుముందు బస్సు డ్రైవర్లు, వడ్రంగులు, బడుల్లో ఆటలు నేర్పేవాళ్లు. తిరిగొచ్చాక మళ్లీ ఆ పనుల్లోకే వెళ్లారు. వాళ్లు అక్కడి పల్లెల్లో యుద్ధంతో సంబంధం లేని మనుషులను చంపారని ఆరోపణలు వస్తూనే ఉన్నాయి. చివరికి ఆ దేశ పార్లమెంటు ఒక కమిషన్ వేసింది. సైనికుల హెల్మెట్ కెమెరాల్లోంచి, ఫోన్లలోంచి అరవై ఒక్క వేల వీడియోలు తెప్పించింది. ఒక్కో వీడియోలో ఎవరున్నారో, ఏ వస్తువులున్నాయో, ఏం జరుగుతోందో రాసిపెట్టే పని మాదాపూర్ కంపెనీకి ఇచ్చింది. ఆ దేశం పేరు కాంట్రాక్టులో ఉంది. గదిలో ఎవరూ పలకరు. క్లయింట్ అంటారు.

ఒక వీడియోను ఇద్దరు చూస్తారు. ఒకరు రాసింది ఇంకొకరికి కనబడదు. ఇద్దరూ ఒకటే రాస్తే ఫైలు మూతపడుతుంది. వేరువేరుగా రాస్తే మూడో మనిషికి వెళ్తుంది. ఏం జరుగుతోందన్న గడిలో సొంత మాటలు రాయడానికి వీల్లేదు. కమిషన్ పంపిన జాబితాలోంచి ఒకటి ఎంచుకోవాలి. జాబితాలో పదకొండు వరుసలున్నాయి. నడవడం, పరుగెత్తడం, మోయడం, తవ్వడం, తవ్వి వస్తువు పాతడం, ఇలా.

20417 నంబరు వీడియోను కిరణ్మయి మార్చిలో చూసింది. రాత్రిపూట కనబడే కెమెరాతో తీసింది కాబట్టి తెరంతా ఆకుపచ్చగా ఉంది. నిడివి నలభై ఎనిమిది సెకన్లు. బాట పక్కన పొలం. ఒక మనిషి పారతో తవ్వుతాడు. వంగి ఏదో లోపల పెడతాడు. మీద మట్టి వేసి కాలితో తొక్కుతాడు. లేచి నాలుగు అడుగులు వేస్తాడు. తుపాకి పేలుతుంది. పడిపోతాడు. దూరంగా గట్టు మీద కూర్చున్న రెండో మనిషి లేచి పరుగెత్తుతాడు.

కిరణ్మయి ‘తవ్వి వస్తువు పాతడం’ ఎంచుకుంది. అవతలి వరుసలో కూర్చునే రోహిత్ కూడా అదే ఎంచుకున్నాడు. ఫైలు మూతపడింది. చనిపోయిన మనిషి నంబరు కమిషన్ దగ్గర ఉన్న రెండు జాబితాల్లో ఒకదానిలోకి వెళ్లింది. సామాన్యుల జాబితాలోకి కాదు, సాయుధుల జాబితాలోకి.

సెప్టెంబర్‌లో, నివేదిక బయటపెట్టడానికి తొమ్మిది రోజుల ముందు, మూసిన ఫైళ్లలో నూటికి ఒకటి చొప్పున మళ్లీ చూడమని క్లయింట్ అడిగింది. కిరణ్మయికి వచ్చిన వాటిలో 20417 ఉంది.

ఉదయం పదకొండింటికి బుచ్చమ్మ తడిగుడ్డ పెట్టడానికి వచ్చింది. ఆ గదిలోకి వచ్చే అనుమతి హౌస్‌కీపింగ్ వాళ్లలో ఆమె ఒక్కదానికే ఉంది. ఆమె వస్తే అందరూ తెర ఆపాలన్నది నియమం. రెండేళ్లుగా చూస్తున్న మనిషి, పైగా దించిన తల ఎత్తదు. అందుకని కొన్నాళ్లుగా కిరణ్మయి తెర ఆపడం మానేసింది.

ఆ రోజు బుచ్చమ్మ తల ఎత్తింది.

“గాయన నీళ్లు గడుతుండు గద బిడ్డా,” అంది.

కిరణ్మయి తిరిగి చూసేలోపు తుపాకి పేలింది. మనిషి పడ్డాడు. బుచ్చమ్మ తుడిచే కర్ర వదిలేసి బల్ల అంచు పట్టుకుంది.

“సంపిండ్రా?”

“బుచ్చమ్మగారూ, మీరు ఇది చూడకూడదండి.” కిరణ్మయి తెర ఆపింది.

“సూడకూడదంటే నాకు సూపెట్టుడెందుకు? ఏం జేసిండు గాయన?”

“బాంబు పెడుతున్నాడండి. బాట పక్కన.”

“బాంబా? పారతోటి నీళ్లు మలుపుతుంటే బాంబంటరా?” బుచ్చమ్మ గొంతు పెరిగింది. రోహిత్ తలెత్తి చూశాడు. ఆమె కర్ర తీసుకుని, మిగతా గది తుడవకుండానే బయటికి వెళ్లిపోయింది.

కిరణ్మయి వీడియో మళ్లీ పెట్టింది. ఆరుసార్లు చూసింది. ఆరోసారి చివరి నాలుగు అడుగుల దగ్గర ఆపింది. మనిషి పాదాల ముందు నేల మీద ఒక నల్లటి గీత ఉంది. మార్చిలో అది నీడ అనుకుంది. ఇప్పుడు సెకను సెకనుగా కదిపి చూసింది. మనిషి ఆగినా గీత ఆగలేదు. ముందుకు పాకింది. వీడియో తేదీని క్యాలెండర్లో చూసింది. ఆ రాత్రి అమావాస్య, నీడ పడదు.

మధ్యాహ్నం ప్యాంట్రీలో బుచ్చమ్మ గ్లాసులు కడుగుతోంది. కిరణ్మయి పక్కన నిలబడింది.

“పొద్దున మీరు చెప్పింది ఇంకోసారి చెప్తారా?”

“సూడొద్దంటివి, ఇప్పుడు సెప్పమంటున్నవు.”

“నాకు తెలియక అడుగుతున్నానండి. ఆయన గొయ్యిలో ఏదో పెట్టి తొక్కాడు కదా. అదేంటి?”

“గొయ్యి గాదమ్మా. కాలువకు గండి. మడి నిండినంక గండి మూయాలె. ఉత్త మట్టి ఏస్తే నీళ్లకు కొట్కపోతది. పాత సంచో, గుడ్డపేలికో మడతపెట్టి అడ్డమేసి, మీద మట్టేసి కాలుతోటి తొక్కుతరు. అప్పుడు నీళ్లు పక్క మడిలకు మల్లుతయి. ఇగ నీళ్లెంబడి ముందుకు పోవాలె, యాడన్న తెగుతదేమో సూసుకుంట.”

“రాత్రిపూటా?”

“శంకర్‌పల్లి అవతల మాకు ఎకరమున్నర ఉండె. కరెంటు నడిరాత్రి ఇచ్చెటోళ్లు. మా ఇంటాయన లింగమూర్తి పండుకున్నోడు పండుకున్నట్టే లేసి పార పట్టుకొని పోయెటోడు. నేను గట్టు మీద కూసునేదాన్ని, పామో పుట్రో అని.” ఆమె ఒక గ్లాసు బోర్లించింది. “మీ నాయిన ఏం జేసెటోడు బిడ్డా?”

“కాకినాడలో, నీటిపారుదల శాఖలో పనిచేసేవారండి.”

“నీళ్ల ఆఫీసులనా?” బుచ్చమ్మ ఆమె వంక చూసింది. “పొలం కాడికి ఎన్నడన్న పోయిండా?”

“ఫైళ్లు చూసేవారు.”

“గదే మరి.”

కిరణ్మయికి నవ్వొచ్చింది. బుచ్చమ్మ నవ్వలేదు.

“ఒక్కటి సెప్పు. గాయన చెప్పులు ఇడిసిండా? నీళ్లు గట్టేటోడు చెప్పులు ఒడ్డు మీద ఇడుస్తడు. బురదల చెప్పు తెగుతది. బాంబు పెట్టి ఉరికెటోడు ఇడుస్తడా?”

కిరణ్మయి గదిలోకి వెళ్లింది. వీడియో కాదు, మార్చిలో తాను నింపిన పట్టిక తెరిచింది. వస్తువుల గడిలో ఆమె రాసినవి నాలుగు. పార, ఒకటి. గుడ్డ లేదా సంచి, ఒకటి. చేతికర్ర, ఒకటి. చెప్పులు, ఒక జత, గట్టు మీద.

తను రాసిందే. తను చదవలేదు.

మూసిన ఫైలు మళ్లీ తెరవాలంటే ఒక ఫారం ఉంది. అందులో ఐదో గడి, కొత్త అభిప్రాయానికి ఆధారం. రోహిత్ కుర్చీ పక్కకు లాక్కున్నాడు.

“అక్కా, మనిద్దరం ఒకటే రాశాం. మూతపడిపోయింది. ఇప్పుడు తెరిస్తే ఇద్దరికీ తప్పు పడుతుంది.”

“తప్పే కదా.”

“సరే, తెరువు. ఐదో దాంట్లో ‘మళ్లీ చూసినప్పుడు గమనించాను’ అని రాసెయ్. అబద్ధం కాదుగా. గీత నువ్వు చూశావు, చెప్పులు నువ్వు రాశావు. బుచ్చమ్మ సంగతి ఎందుకు? తెర ఆపలేదని తెలిస్తే నీ కార్డు పోతుంది, ఆవిడ ఉద్యోగం పోతుంది.”

అతను చెప్పినట్టే రాయడానికి కిరణ్మయి చేయి వేసింది. ఆపింది. ఫైలు మూతపడ్డాక దానికి సైన్యం నివేదిక జతచేస్తారు, ముందు చూపించరు. 20417కి జతచేసిన నివేదిక ఒక్క పేజీ. కింద కాల్చిన సైనికుడి సంతకం. ఎలా తెలిసింది అన్న గడిలో ఒకే వాక్యం ఉంది. గమనించి నిర్ధారించుకున్నాం.

“చదువు,” అంది.

రోహిత్ చదివాడు. తను రాయమన్న వాక్యం లాంటిదే. కుర్చీ వెనక్కి తీసుకెళ్లాడు.

సాయంత్రం ఐదింటికి బుచ్చమ్మ లిఫ్ట్ దగ్గర ఉంది. ఆమె షేర్ ఆటోలో లింగంపల్లి వెళ్లాలి. కిరణ్మయి గట్టు మీది రెండో మనిషి సంగతితో సహా విషయం మొత్తం చెప్పింది. పేరు రాస్తే ఏమవుతుందో కూడా చెప్పింది.

“మీరు వద్దంటే రాయనండి. తప్పు నాది. తెర ఆపాల్సింది నేను.”

బుచ్చమ్మ టిఫిన్ డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“గాయన పేరేంది?”

“తెలీదండి. మాకు నంబరే ఉంటుంది.”

“పేరు కూడ ఎరుక లేదు, బాంబు పెట్టిండని మాత్రం రాసినవు.”

“రాశాను.”

“మరి నా పేరు రాయడానికి ఏం పరేషాన్? రాయి. గట్టు మీద కూసున్నది నాలెక్కటోళ్లే. గట్టు మీదికెల్లి ఉరికినాయన ఇన్నేండ్ల సంది అదే మొత్తుకుంటుండొచ్చు, ఎవలింటరు?” లిఫ్ట్ వచ్చింది. లోపలికి వెళ్లి తలుపు మూయకుండా చేయి అడ్డం పెట్టింది. “బుచ్చమ్మ అని ఒక్కటే రాయకు. మా ఇంటిపేరు కూడ పెట్టు. కార్డు మీద ఉన్నది.”

మరుసటి రోజు ఉదయం తొమ్మిదిన్నరకు ఫారం వెళ్లింది. పదిన్నరకు ప్రాజెక్ట్ మేనేజర్ రవికిరణ్ కిరణ్మయిని పిలిచాడు. ఫారం అచ్చు తీసి ముందు పెట్టుకున్నాడు.

“కిరణ్మయిగారూ, ఇది క్లయింట్‌కి పంపే ముందు నాకు చూపించాల్సింది.”

“ఫారం నేరుగా కమిషన్‌కే వెళ్తుంది కదండీ.”

“వెళ్తుంది. ఫారం పెట్టినరోజే వెళ్తుంది, అందుకే ఎవరూ పెట్టరు.” అతను కళ్లజోడు తీశాడు. “హౌస్‌కీపింగ్ మనిషికి తెర కనబడిందని మీరే రాసిచ్చారు. కాంట్రాక్ట్‌లో ఇదొక్కటే చాలు, మొత్తం పని వెనక్కి తీసుకోవడానికి. పద్నాలుగు మంది ఉన్నారు ఆ గదిలో.”

“తెలుసండి.”

“చెప్పులు, గీత, ఇవి రాసి ఊరుకుంటే సరిపోయేదిగా?”

“చెప్పులు ఆరు నెలల కిందటే రాశానండి. వాటికి అర్థం చెప్పింది ఆవిడ.”

రవికిరణ్ కాసేపు ఫారం చూశాడు. కిరణ్మయి, బుచ్చమ్మ ఇద్దరి కార్డులూ ఆ రోజు మధ్యాహ్నం పనిచేయడం మానేశాయి. క్లయింట్ జవాబు వచ్చేదాకా ఇంటి దగ్గరే ఉండాలన్నారు.

ఐదు రోజులు జవాబు రాలేదు. కిరణ్మయి బాచుపల్లిలోని ఫ్లాట్‌లో కూర్చుని రోజుకు పదిసార్లు మెయిల్ చూసింది. నాలుగో రోజు లింగంపల్లి వెళ్లింది. స్టేషన్ వెనక కిరాయి గదిలో బుచ్చమ్మ బియ్యం ఏరుతోంది. లింగమూర్తి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడు.

“ఏమన్నారండీ ఆయన?”

“మంచిగ తిట్టిండు.”

“నన్నా?”

“నన్ను. సగం తుడిసి ఎట్ల వస్తివే, గది మొత్తం తుడిసి రావద్దా అని.” చేటలోంచి రాయి తీసి పారేసింది. “పని గురించి ఫికర్ చెయ్యకు. ఇంకోటి దొరుకుతది. గాయనది ఏమైంది?”

“శుక్రవారం నివేదిక వస్తుందండి. ఏ జాబితాలో ఉంటాడో అప్పుడు తెలుస్తుంది.”

“మార్చకపోతే?”

“అలాగే ఉండిపోతుంది.”

బుచ్చమ్మ చేట కింద పెట్టింది.

ఆరో రోజు, బుధవారం, రవికిరణ్ ఫోన్ చేశాడు. మాటల మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. మెట్లు ఎక్కుతున్నాడేమో.

“బుచ్చమ్మను రేపు రెండింటికి తీసుకురాగలరా? కమిషన్ లాయర్ ఆవిడతో మాట్లాడతారట. వీడియో కాల్. అనువాదానికి మనిషిని వాళ్లే పెట్టారు.”

“పని వెనక్కి తీసుకుంటున్నారా అండి?”

“ఆ మాట లేదు. ఒకటే రాశారు. ఆధారం ఎక్కడిదో చెప్పారు కాబట్టి పరిశీలిస్తాం, చెప్పకపోతే పక్కన పెట్టేవాళ్లం అని. ఒక మాట. ఆవిడ వీడియో పూర్తిగా మళ్లీ చూడాల్సి వస్తుంది. చూడగలరో లేదో కనుక్కోండి.”

బుచ్చమ్మ చూస్తానంది. గురువారం బతుకమ్మకు కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. కాన్ఫరెన్స్ గదిలో తెర మీద లాయర్, పక్క గడిలో శిరీష అనే అనువాదకురాలు. వీడియో పెట్టారు. తుపాకి పేలినచోట బుచ్చమ్మ కళ్లు మూసుకుంది. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి.

“మీరు ఎన్నేళ్లు నీళ్లు పెట్టారు అని అడుగుతున్నారండి,” అంది శిరీష.

“లగ్గమైన కాడి నుంచి పొలం అమ్మేదాంక. ఇరవై రెండేండ్లు.”

“ఆయన పెట్టింది సంచి అని ఎలా చెప్పగలరు?”

“మడతపెట్టే తీరు సూడుండ్రి. బరువున్న దాన్ని అట్ల ఒంటిచేత్తోటి మడతపెడ్తరా? పెట్టినంక కాలుతోటి తొక్కిండు. బాంబైతే తొక్కుతడా? లాయరమ్మను తొక్కుతదేమో అడుగు.”

శిరీష అదే అనువదించింది. లాయరు రాసుకుంటున్న పెన్ను ఆపి తలెత్తింది. చివరి ప్రశ్న అడిగింది.

“మీరు ఆ దేశం ఎప్పుడూ చూడలేదు. అక్కడ పద్ధతి వేరు కావచ్చు కదా అంటున్నారు.”

“కావచ్చు,” అంది బుచ్చమ్మ. “నాకు ఆ దేశం ఎరుక లేదు. గీ తెర మీదున్నది ఎరుకే. గట్టు మీద కూసున్నాయనను అడుగుండ్రి. ఆయనకెరుక.”

“అడిగామంటున్నారు. పద్నాలుగేళ్ల కిందటే చెప్పాడట. అన్న నీళ్లకు వెళ్లాడని. తమ్ముడు కాబట్టి అబద్ధం చెప్తున్నాడనుకుని పక్కన పెట్టారట.”

బుచ్చమ్మ కిరణ్మయి వైపు తిరిగింది.

శుక్రవారం నివేదిక బయటపెట్టే ముందు కమిషన్ ఆఖరి విచారణను ఇంటర్నెట్‌లో అందరికీ చూపించారు. అక్కడ ఉదయం, ఇక్కడ మధ్యాహ్నం. కిరణ్మయి, బుచ్చమ్మ మొదటి అంతస్తు క్యాంటీన్‌లో రోహిత్ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. కార్డులు పనిచేయకపోయినా అక్కడిదాకా రానిస్తారు. రవికిరణ్ టీ తెచ్చుకుని వెనక నిలబడ్డాడు.

నివేదిక మీద సంతకం పెట్టిన సైనికుడు వచ్చి కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయి. సిటీ బస్సు నడుపుతున్నాడని కింద అక్షరాలు వచ్చాయి. హాల్లో అతని భార్య ఉంది. యూనిఫాంలో వచ్చిన మాజీ సైనికులు రెండు వరుసలున్నారు. కమిషన్ అధ్యక్షురాలు వీడియో వేయించింది. గట్టు మీద చెప్పుల దగ్గర ఆపించింది. ఇవి అప్పుడు మీకు కనబడ్డాయా అని అడిగింది. కింద ఇంగ్లిష్‌లో వస్తున్న మాటలను కిరణ్మయి బుచ్చమ్మకు చెబుతోంది.

సైనికుడు తెర వైపే చూస్తున్నాడు.

“ఏమంటుండు?” బుచ్చమ్మ అడిగింది.

“ఇంకా ఏమీ అనలేదండి.”

తర్వాత అతను అన్నాడు. అప్పుడు చూడలేదు. తెల్లారి శవం దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. నేల తడిగా ఉంది. గొయ్యి తీయించాం. సంచి వచ్చింది. నివేదిక అప్పటికే రాసేశాం. మార్చలేదు. నేను మార్చలేదు, పైవాళ్లు అడగలేదు. ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు.

వరుసల్లోంచి ఒక మాజీ సైనికుడు లేచి బయటికి వెళ్లాడు. మిగతావాళ్లు కూర్చునే ఉన్నారు.

అధ్యక్షురాలు కాగితం తీసింది. 20417 నంబరు వ్యక్తిని సాయుధుల జాబితాలోంచి తీసేస్తున్నామంది. అతను రైతు. తన వంతు నీళ్లు పెట్టుకోవడానికి వెళ్లాడు. మన సైనికులు చంపారు. ఆ సంగతి తెలిసీ మనం అతన్ని శత్రువని రాసుకున్నాం. అతని పేరు సబూర్.

“సబూర్,” అంది బుచ్చమ్మ.

తెర మీద రెండో గడి తెరుచుకుంది. తమ్ముడు. గడ్డం నెరిసింది. అనువాదం చెవిలో పడేదాకా తల వంచుకుని ఉన్నాడు. పడ్డాక రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. ఏమైనా చెప్తారా అని అడిగారు. రేపు మా అమ్మకు చెప్పాలి, ఈ రోజు ఆమె ఒంట్లో బాగాలేదు, రేపు చెప్తాను అన్నాడు.

రోహిత్ లాప్‌టాప్ శబ్దం తగ్గించాడు. కిరణ్మయి అప్పటిదాకా పట్టుకున్న గ్లాసు కింద పెట్టింది.

“క్లయింట్ లెటర్ పొద్దున్నే వచ్చింది,” అన్నాడు రవికిరణ్ వెనక నుంచి. “పని మనదగ్గరే ఉంటుంది. మీకు ఒక మెమో వస్తుంది, తెర ఆపనందుకు. బుచ్చమ్మగారి మీద చర్య తీసుకోవద్దని వాళ్లే రాశారు. సోమవారం ఇద్దరూ వచ్చేయండి.”

“పొద్దున్నే వస్తే ఇప్పుడా చెప్పేది?” అంది కిరణ్మయి.

“ఇది అయ్యాక చెబుదామనుకున్నా.”

“సార్‌కు జర టీ పొయ్యి,” అంది బుచ్చమ్మ రోహిత్‌తో. “సల్లారిపోయినట్టున్నది చేతులది.”

సోమవారం గదిలో జాబితా మారింది. పదకొండు వరుసల కింద పన్నెండోది వచ్చింది. పొలానికి నీళ్లు పెట్టడం. ‘తవ్వి వస్తువు పాతడం’ అని రాసిన మూడు వందల పన్నెండు వీడియోలను మళ్లీ చూడమని కమిషన్ అడిగింది. చూసేవాళ్లలో ఇద్దరైనా పొలం తెలిసినవాళ్లు ఉండాలంది. రవికిరణ్ ఆ ఉదయం బల్ల బల్ల దగ్గరికీ వెళ్లి ఎవరిది ఏ ఊరో అడిగాడు.

కిరణ్మయి 20417 తెరిచి పన్నెండో వరుస ఎంచుకుంది. రోహిత్ కూడా అదే ఎంచుకున్నాడు. ఫైలు మూతపడింది.

పదకొండింటికి తలుపు చప్పుడైంది. కిరణ్మయి తెర ఆపింది. పద్నాలుగు తెరలూ ఆగాయి. బుచ్చమ్మ కర్ర పట్టుకుని వచ్చి మూడో బల్ల దగ్గర నిలబడింది.

“ఆ పొలం ఇప్పుడు ఎవరన్న చేస్తుండ్రా?”

“తమ్ముడు చేస్తున్నాడండి. విచారణలో చెప్పాడు.”

“నీళ్లకు ఇప్పుడు గూడ రాత్రే పోతడా?”

“అది అడగలేదు.”

“నీళ్లు పగలు ఇస్తే మంచిగుండు,” అంది బుచ్చమ్మ. “కాళ్లు ఎత్తు.”

కిరణ్మయి కాళ్లు ఎత్తింది. బుచ్చమ్మ బల్ల కింద తుడిచి, ఆ రోజు తుడవకుండా వదిలేసిన వైపు వెళ్లింది.